పేలింది, పేలిందట: ఒక మాజీ నావికుడి కేసు

నేను విశాఖలో పెద్దవాళ్లకు, వాళ్ల కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తాను. వాళ్ల చేత జీవితకథ చెప్పించి రికార్డు చేయడం కూడా నా పనిలో భాగమే. ఈ ఊళ్లో ఈ పని చేస్తే నేవీ కుటుంబాలు తప్పకుండా వస్తాయి. మల్కాపురం, సింధియా, గోపాలపట్నం, మర్రిపాలెం వైపు ఏ వీధికి వెళ్లినా ఒక రిటైర్డ్ నావికుడి ఇల్లు కనిపిస్తుంది.

ఈ కేసులో నేను వరసగా మూడు తప్పు నిర్ణయాలు తీసుకున్నాను. వాటిని తీసుకున్నప్పుడు మూడూ సరైనవనే అనిపించాయి. మాజీ సైనికుల జ్ఞాపకాలను పిల్లలకు అందించాలని చూస్తున్న మిగతావాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కుటుంబం అనుమతి ఉంది. ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆయన్ని చీఫ్‌గారు అంటాను. చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యారు, బ్యాచ్ వాళ్లు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. 1971 డిసెంబరులో ఆయనకు ఇరవై ఏళ్లు. స్టోర్స్‌లో జూనియర్ నావికుడు. ఓడ మీద కాదు, ఒడ్డు మీద డ్యూటీ. ఈ ఒక్క సంగతి దగ్గరే కేసంతా తిరుగుతుంది.

భారత్-పాక్ యుద్ధం మొదలైన ఆ డిసెంబరు 3 రాత్రి, పన్నెండు దాటాక, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరం దగ్గర మునిగిపోయింది. అందులో ఉన్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. అది వచ్చింది విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ వైపు పంపేశారు. అది ఇంకా ఇక్కడే ఉందని శత్రువును నమ్మించడానికి రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌకను (డిస్ట్రాయర్) వాడారు. ఆ రాత్రి హార్బరు దాటుతూ రాజ్‌పుత్ డెప్త్ చార్జీలు (నీళ్ల లోపల పేలే బాంబులు) వేసింది, కాసేపటికి పెద్ద పేలుడు వినిపించింది. రాజ్‌పుత్ దెబ్బకే ఘాజీ మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. లోపలే ఏదో పేలిందనో, వాళ్లు సముద్రంలో పెట్టిన మందుపాతరే (మైన్) వాళ్లకు తగిలిందనో పాకిస్తాన్ చెబుతుంది. ఆ వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఆర్కే బీచ్‌లో 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం ముందు రోజూ వందల మంది ఫొటోలు దిగుతారు. డిసెంబరు 4న జరిపే నేవీ డే ఘాజీ కోసమేనని మన ఊరి పిల్లల్లో చాలామంది అనుకుంటారు. నిజానికి అది కరాచీ మీద మన మిస్సైల్ బోట్లు చేసిన దాడికి గుర్తు.

చీఫ్‌గారి బ్యాచ్ వాళ్లు ఏటా నేవీ డే తర్వాత వచ్చే ఆదివారం ఒక ఫంక్షన్ హాల్లో కలుస్తారు. ఆ ఏడాది పోయినవాళ్ల ఫొటోలకు దండలు వేస్తారు, రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. ఆ తర్వాత మైకు, ప్రసంగాలు, భోజనం. మొదట్లో అరవై మందికి పైగా వచ్చేవారట. నా దగ్గరికి వచ్చేసరికి పద్నాలుగు మంది మిగిలారు.

సమస్య

ఒక ఫిబ్రవరిలో చీఫ్‌గారి అబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "డిసెంబరు నుంచి నాన్నగారు సరిగా మాట్లాడట్లేదు మేడమ్. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చేశారు. గోడ మీద యూనిఫారం ఫొటో కూడా తీసేశారు. అమ్మకి టెన్షన్‌గా ఉంది."

జరిగింది ఇది. ఆ డిసెంబరు రీయూనియన్లో చీఫ్‌గారు ఎప్పటిలాగే ఘాజీ గురించి మాట్లాడారు. "ఆ రాత్రి మేం ఘాజీని ముంచాం" అన్నారు. ఇంటర్ చదువుతున్న మనవడు ఫోన్లో చూస్తూ చూస్తూ లేచి అడిగాడు. "తాతా, నువ్వు రాజ్‌పుత్‌లో లేవు కదా? మరి మేం ముంచాం అంటావేంటి? అది దానంతటదే పేలిందని కూడా ఇక్కడ రాసుంది." ఎవరో నవ్వారు. చీఫ్‌గారు చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నారు. భోజనం చేయలేదు.

అదే నెలలో ఆ రీయూనియన్ నడిపే పెద్దాయన కూడా నాకు ఫోన్ చేశారు. "పిల్లలు రావట్లేదమ్మా. వచ్చినా భోజనాల టైముకే. మేం పోతే ఈ కబుర్లన్నీ మాతోనే పోతాయి." ఇది వేరు, అది వేరు అనుకుని రెండు ఫైళ్లు తెరిచాను. రెండూ ఒకే జబ్బు లక్షణాలని తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

మొదటి కలయిక కన్నా ముందే డాక్టర్ దగ్గరికి పంపాను. ఈ వయసులో మనిషి ఉన్నట్టుండి ముడుచుకుపోతే దాన్ని మనసు గాయం ఖాతాలో వేసి ఊరుకోకూడదు. థైరాయిడ్, బీపీ మందులు, వినికిడి, మతిమరుపు పరీక్షలు అన్నీ అయ్యాయి. పదిహేను ప్రశ్నల వృద్ధుల డిప్రెషన్ స్కేలు కూడా చేశాం. తేలికపాటి కుంగుబాటు ఉంది, మందుల దాకా అక్కర్లేదని డాక్టర్ చెప్పారు. జ్ఞాపకశక్తి బాగుంది. అది నాకు ముఖ్యం. ఎందుకంటే "మేం ముంచాం" అన్న మాట మతిమరుపు వల్ల రాలేదని తేలింది.

చేసి చూసినవి, కుదరనివి

మొదట తాతనీ మనవడినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. కుర్రాడు నలుగురిలో అవమానించాడు, క్షమాపణ చెబితే గాయం మానుతుంది అని నా లెక్క. వాడు నిజంగానే బాధపడుతూ సారీ చెప్పాడు. ఆయన "పర్లేదురా" అన్నారు. ఐదు నిమిషాల్లో అయిపోయింది, ఏమీ మారలేదు. వాడు సారీ చెప్పింది అడిగిన తీరుకి. ఆయన్ని కోసింది ఆ తీరు కాదు, ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనదని ఆయనకు తెలుసు. అలాంటప్పుడు సారీ చెప్పించడం అంటే నిజం అడిగినందుకు పిల్లాడిని దండించినట్టే. ఆ కుర్రాడికి నేను అన్యాయం చేశాను, తర్వాత వాడితో ఆ మాట చెప్పాను కూడా.

రెండోది ఇంట్లో వీడియో రికార్డింగ్. గతాన్ని వరసగా నెమరేసుకోవడం ముసలితనంలో సహజంగా జరిగే మంచి పని అని రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1963లోనే రాశాడు. నా పనికి పునాది అదే. ప్రశ్నల జాబితా రాసుకుని, ట్రైపాడ్ పెట్టి మొదలుపెట్టాను. ఇరవై రెండు నిమిషాలు మాట్లాడారు. అది అక్షరం పొల్లుపోకుండా ఆ మైకు ప్రసంగమే. క్రమశిక్షణ, దేశభక్తి, నేటి యువత. ఒక్క మనిషి ముఖం గానీ, ఒక్క వాసన గానీ, ఒక్క భోజనం గానీ అందులో లేదు. కెమెరా పెట్టి నేనే మళ్లీ స్టేజీ కట్టానన్నమాట.

మూడోది బీచ్ రోడ్డు. స్మారకం, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూపిస్తే చోటు చూసి జ్ఞాపకం కదులుతుందనుకున్నాను. కానీ ఆ చోట్లు ఊరికి ముఖ్యమైనవి, ఆయనవి కావు. ఆయన సబ్‌మెరైన్లో ఎప్పుడూ పనిచేయలేదు. కురుసుర లోపల జనం వెనకనుంచి తోస్తుంటే మనవడి భుజం పట్టుకుని నడిచారు, అంతే. బయటికొచ్చాక మాత్రం స్మారకం వైపు వీపు పెట్టి లైట్‌హౌస్ ఉన్న డాల్ఫిన్స్ నోస్ కొండ కేసి చూస్తూ ఒక మాటన్నారు. "ఆ రాత్రి ఆ కొండ మీద దీపం లేదు." వాడు ఫోన్ జేబులో పెట్టేశాడు. ఆ రోజంతటికీ నాకు దొరికింది అదొక్కటే. నోట్‌బుక్‌లో రాసుకున్నాను గానీ దాన్ని ఏం చేయాలో అప్పటికి తెలియలేదు.

మామ్మగారి మాట

దారి చూపింది చీఫ్‌గారి భార్య. ఆవిడ పుట్టిల్లు వన్‌టౌన్‌లో. యుద్ధం నాటికి పద్నాలుగేళ్ల పిల్ల. ఒక సాయంత్రం వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, నాతో కాదు, మనవడితో అంది.

"మా నాన్న కిటికీలకి నల్లకాయితం అంటించాడు. గూట్లో కిరసనాయిలు దీపం పెట్టి దాని ముందు చాట నిలబెట్టేవాళ్లం. మా నాయనమ్మ అయితే బట్టలు మూట కట్టేసింది. జపానోళ్లు బాంబులేసినప్పుడు వీధి వీధంతా నడిచి పారిపోయారట. మా నాన్నని చంకనెత్తుకుని తనూ వెళ్లిందట. ఆ భయం దానికి. ఆ రాత్రి నేను నిద్దరలో ఉన్నాను. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయని మా అమ్మ చెప్పింది. నాకైతే ఏమీ తెలీదు."

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. 1971కి దాదాపు ముప్పై ఏళ్ల ముందటి ఆ భయం నాయనమ్మ నుంచి ఈవిడకి, ఈవిడ నుంచి ఇప్పుడు ఈ కుర్రాడికి అందింది. ఏ రీయూనియనూ లేదు, మైకూ లేదు. వాడు ఫోన్ తీయలేదు. అనుమానం రాలేదు కనుక తీయాల్సిన పనిలేకపోయింది.

ఇంటికొచ్చి ఆవిడ మాటల రికార్డింగూ, చీఫ్‌గారి రికార్డింగూ పక్కపక్కన పెట్టి విన్నాను. అప్పుడు దొరికింది. ఆవిడ చూసినదాన్ని "అంటించాడు", "కట్టేసింది" అంటుంది. విన్నదాన్ని "పారిపోయారట", "వెళ్లిందట" అంటుంది. ఆ చిన్న "ట" ఎక్కడా జారిపోలేదు. చీఫ్‌గారి ఇరవై రెండు నిమిషాల్లో ఒక్క "ట" కూడా లేదు.

ఆయన పాత ప్రసంగాలు రెండు బ్యాచ్ వాళ్ల దగ్గర వీడియోలుగా ఉంటే తెప్పించుకున్నాను. పదిహేనేళ్ల కిందటిదాంట్లో "మనవాళ్లు ముంచేశారట" అన్నారు. తర్వాతి దాంట్లో "మనం ముంచాం". ఈ మధ్య "మేం ముంచాం". ఆయన అబద్ధం అల్లలేదు. మైకు ముందు "అట" అంటే పస ఉండదు, కనుక "ట" పోయింది. దేశం తరఫున మాట్లాడాలి, కనుక "వాళ్లు" పోయి "మనం" వచ్చింది. పిల్లల ముందు యోధుడిగా నిలబడాలి, కనుక "మనం" పోయి "మేం" వచ్చింది. మూడు అడుగులూ స్టేజీ వేయించినవే.

ఇలాంటిది చూసినప్పుడు కౌన్సెలర్‌కి రెండు దారులు. పెద్దాయన గౌరవం కోసం కథని అలాగే వదిలేయడం ఒకటి. నిజం పేరుతో కథని విప్పి ఆయన్ని ఒడ్డు మీద కుర్రాడిగా మిగల్చడం రెండోది. ఈ రెండింటిలో ఏదీ నాకు నచ్చలేదు. ఆయన నిజంగా చూసింది ఏదో ఉంది, యాభై ఏళ్లుగా ఎవరూ అడగలేదు. కొండ మీద దీపం లేదన్న మాట అందులోదే. ముందు దాన్ని బయటికి తీస్తే, లేనిదాన్ని ఆయనే వదిలేస్తారనిపించింది.

మూడు గడులు

ఒక తెల్లకాగితం మీద రెండు నిలువు గీతలు గీసి మూడు గడులు చేశాను. చూసింది. విన్నది. తర్వాత తెలిసింది. రాసే పని మనవడిది. కెమెరా లేదు. డైనింగ్ టేబుల్ దగ్గర చీఫ్‌గారు, ఆయన భార్య, ఇద్దరు బ్యాచ్‌మేట్లు కూర్చున్నారు. బ్యాచ్‌మేట్లని ఎందుకు పిలిచానంటే, సరిదిద్దే పని వాళ్లు చేయాలి. "ఒరేయ్, అది ఆ రోజు కాదురా, మర్నాడు" అని తోటి నావికుడంటే ఎవరికీ అవమానం కాదు. యాభై ఏళ్లుగా వాళ్ల మధ్య నడుస్తున్న మాటే అది. అదే మాట మనవడు నలుగురిలో అంటే కత్తిపోటవుతుంది.

యుద్ధం గురించి అడగలేదు. "ఆ రోజు రాత్రి భోజనం ఏంటండీ?" అని మొదలుపెట్టాను. పప్పు, చపాతీ. చపాతీలు ఆయనకు పడేవి కావట. కాపలా డ్యూటీ ఎన్నింటికి, చేతిలో ఏముంది, కాళ్లకి ఏం వేసుకున్నారు, చలి ఉందా, పక్కన ఎవరు. ఒకాయన చెబుతుంటే ఇంకొకాయన అందుకున్నారు. దీపాలు లేక గోడ తడుముకుంటూ నడిచారు. "కాళ్ల కింద నేల ముందు కదిలిందమ్మా. శబ్దం తర్వాత వచ్చింది" అన్నారు చీఫ్‌గారు. కుర్రాడు ఎంపీసీ విద్యార్థి. శబ్దం గాలిలో కన్నా నేలలో, నీళ్లలో వేగంగా ప్రయాణిస్తుంది కనుక అలాగే జరగాలని వాడే అన్నాడు. తాత మాటకి వాడి పుస్తకం సాక్ష్యం చెప్పింది. ఆయన వాడి వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"చూసింది" గడి నిండింది. "ఘాజీ అని ఎప్పుడు తెలిసింది తాతా?" అని వాడు అడిగాడు. "చాలా రోజుల తర్వాతరా. ఆ రాత్రి మాకేం తెలుసు?" ఆ వాక్యం మూడో గడిలోకి వెళ్లింది. రాజ్‌పుత్ సంగతి రెండో గడిలోకి వెళ్లింది. ఎవరూ ఆయన్ని ఓడించలేదు. ఏది ఎక్కడ రాయాలో ఆయనే చెప్పారు.

తర్వాత చెప్పింది నేను ఊహించలేదు. జాలరులకు సముద్రంలో దొరికిన సామాను కొంత తర్వాత ఒడ్డుకి చేరింది. ఒక లైఫ్ జాకెట్టు ఆయన కళ్లబడింది. అప్పటికి స్టోర్స్‌లో ఆయన రోజూ చేసే పని వాటిని లెక్కపెట్టి, చుట్టి, కట్టి పెట్టడమే. "చుట్టి కట్టినట్టే ఉందమ్మా. మేం ఎలా కడతామో అలాగే. విప్పే టైము దొరకలేదు వాళ్లకి." చేతులు టేబుల్ మీద పెట్టి, లేని గుడ్డని చుట్టి, లేని తాడుని రెండుసార్లు తిప్పి ముడేసి చూపించారు. పక్కనున్న బ్యాచ్‌మేట్ తల దించుకున్నారు.

అక్కడ ఆపేశాను. ఇంకా చెప్పించవచ్చు, ఆయనా చెప్పేలా ఉన్నారు. కానీ ఎదురుగా పదిహేడేళ్ల పిల్లాడు, యాభై ఏళ్లుగా మూసి ఉన్న తలుపు. టీ పెట్టించి, విడిగా వరండాలోకి తీసుకెళ్లి అడిగాను, ఇది కాగితం మీదకి ఎక్కించమంటారా అని. "స్టేజీ మీద ఇది చెప్పలేమమ్మా. శత్రువు మీద జాలేంటి అంటారు. కానీ వాడికి తెలియాలి" అన్నారు. రాయించాం. ఆ రాత్రి నిద్ర ఎలా ఉందో మర్నాడు ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆ తర్వాత వారం దాకా రోజూ కనుక్కున్నాను. అలాంటి మాట బయటికొచ్చాక మనిషిని ఒంటరిగా వదలకూడదు.

రీయూనియన్లో

అప్పుడే రెండు ఫైళ్లూ ఒకటయ్యాయి. పిల్లలు రాకపోవడానికి కారణం ఆసక్తి లేక కాదు. స్టేజీ మీది కథలో వాళ్లకి చోటు లేదు, చప్పట్లు కొట్టడం తప్ప. తర్వాతి డిసెంబరుకి మైకు తీసేయమన్నాను. పెద్దగొడవే అయింది. ఒక పెద్దాయన, మైకు లేకపోతే సభ ఎలా అవుతుందని అలిగారు. దండలు, మౌనం ఉంచి, ప్రసంగాల బదులు బల్లలు వేశాం. బల్లకి ఇద్దరు ముగ్గురు నావికులు, రాయడానికి ఒక కుర్రాడో అమ్మాయో. సొంత మనవళ్లని సొంత తాత బల్ల దగ్గర కూర్చోబెట్టలేదు. ఇంట్లో ముప్పైసార్లు విన్న కథని మనవడు మధ్యలో పూర్తి చేసేస్తాడు, పరాయి పిల్ల మొదటి నుంచీ అడుగుతుంది. ఆడవాళ్ల బల్ల వేరుగా పెట్టాను, అన్నిటికన్నా ఎక్కువ కాగితాలు అక్కడే నిండాయి.

ఒక బల్ల దగ్గర పొరపాటు చేశాను. బ్యాచ్ వాళ్ల బంధువు ఒకాయన, సైన్యంలో ఉండి 1987 తర్వాత శ్రీలంకకి వెళ్లొచ్చిన మనిషి, మాట వరసకి వచ్చారు. ఆయనకీ కాగితం ఇచ్చాను. ఎదురుగా ఉన్న కుర్రాడు ఎంతమందిని చంపారని అడిగేశాడు. ఆయన ఖాళీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని భోజనానికి వెళ్లిపోయారు. ఆ ప్రశ్న అడగకూడదని పిల్లలకి ముందే చెప్పాల్సింది. చెప్పకుండా ఉండే హక్కు పెద్దలకి ఉందని కూడా చెప్పాల్సింది. ఇప్పుడు అరగంట పిల్లలతో విడిగా కూర్చున్నాకే బల్లల దగ్గరికి పంపుతున్నాను. ఓడల పరికరాలు, సంకేతాలు, ఎవరెక్కడ కాపలా కాశారన్న వివరాలు రాయొద్దని కూడా అప్పుడే చెబుతాను. చెప్పొచ్చో లేదోనని ఆ పెద్దలు పడే సంకోచం నిజమైనది.

ఇంకో తప్పు. లైఫ్ జాకెట్టు సంగతి రాసిన కాగితాన్ని బంధువుల అమ్మాయి ఒకతె ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. ఒకరిద్దరు ఏదో అన్నారు, చీఫ్‌గారు రెండు రోజులు మళ్లీ మాట మానేశారు. రాయడానికి అనుమతి అడిగాను గానీ, బయట చూపించడానికి వేరే అనుమతి కావాలని నాకు తట్టలేదు. ఇప్పుడు ప్రతి కాగితం కింద మూడు గళ్లు ఉంటాయి. నా ఇంట్లోవాళ్లకి, బ్యాచ్ వాళ్లకి, అందరికీ. పెద్దాయన టిక్కు పెట్టిన గడి దాటి ఆ కాగితం వెళ్లదు.

చీఫ్‌గారి నిద్ర మే నాటికి కుదుటపడింది, స్కేలు మళ్లీ చేస్తే మామూలుగా వచ్చింది. ఫొటో గోడ మీదకి ఎప్పుడు తిరిగొచ్చిందో ఎవరూ గమనించలేదు. రీయూనియన్ రోజు ఆయన కాగితం నా చేతికిస్తుంటే చూశాను. కుడివైపు మిగిలిన కాస్త చోట పెన్నుతో ఇంకో గీత గీసి, నాలుగో గడి చేసుకున్నారు. పైన "తెలియదు" అని ఆయన దస్తూరీ. కింద మనవడి దస్తూరీలో ఒకే వాక్యం: "ఘాజీ ఎందుకు పేలింది."

ఇప్పుడు నాలుగు గడులతోనే అచ్చేయిస్తున్నాను. బ్యాచ్‌లో పదకొండు మంది మిగిలారు, తొమ్మిది మంది కాగితాలు పూర్తయ్యాయి. మిగతా ఇద్దరిలో ఒకాయన కదలలేని స్థితిలో గుంటూరులో కూతురి దగ్గర ఉన్నారు. సెమిస్టర్ పరీక్షలు అవగానే తనే వెళ్లి రాసుకొస్తానని చీఫ్‌గారి మనవడు అన్నాడు. గుంటూరులో ఉన్న ఆ పెద్దాయనకి చెవులు సరిగా వినపడవు, పెద్ద అక్షరాలతో ప్రశ్నలు రాసుకెళ్లమని చెప్పాను.